అరణ్యస్నానము

నీటితో పనిలేని స్నానమొకటి జపాను దేశమున 1982వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చినది. ఆ దేశపు అటవీశాఖకు అప్పటి యధిపతియగు తోమోహిదే అకియామా గారు దానికి ‘షిన్రిన్ యోకు’ అని పేరిడిరి. షిన్రిన్ అనగా అడవి. యోకు అనగా స్నానము. సముద్రస్నానమునకును, ఎండ కాగుటకును జపాను భాషలో ఇట్టి పదములే పూర్వము నుండి యున్నవి కావున ఈ క్రొత్తపేరు వారి చెవులకు ఎబ్బెట్టుగా తోచలేదు. మన భాషలో దీనిని అరణ్యస్నానమనవచ్చును. అడవిలోనికి పోయి, పని యేమియు పెట్టుకొనక, ఆకుల వాసనను, నీడను, సద్దులేనితనమును మేనికి పట్టించుకొని వచ్చుటయే యిందలి యర్థము. నలువది యేండ్లలో ఈ మాట కొరియాకును, అమెరికాకును, ఐరోపా దేశములకును ప్రాకినది. మన దేశమున 2021లో ఉత్తరాఖండపు అటవీశాఖవారి పరిశోధన విభాగము రాణీఖేతు చెంత కాలికయను చోట పైను వృక్షముల నడుమ పదుమూడెకరములను ఇందులకై ప్రత్యేకించినది. మన పెద్దపట్టణములయందును రుసుము పుచ్చుకొని జనమును ఇట్టి నడకలకు తోడ్కొనిపోవువారు బయలుదేరినారు.

ఇది మంచి వాడుకయా, వట్టి వేడుకయా అని సందేహించువారు కలరు. వాడుక మంచిదే. కాని యది యే యడవిలో పుట్టినదో, ఆ యడవి యెట్లు నిలిచినదో, ఎవరికి మూయబడి యెవరికి తెరువబడినదో తెలిసికొనక దానిని దిగుమతి చేసికొనుట మాత్రము మంచిది కాదు. ఆ కథ తెలుగువారికి క్రొత్తది కాదు.

ముందుగా ఈ నడక యెట్లుండునో చెప్పవలయును. పదిపండ్రెండుగురికి మించని గుంపు. ముందొక దారిచూపరి. సెల్ ఫోనులు సంచులలోనికి పోవును. రెండుమూడు గంటల కాలములో వారు నడచు దూరము ఒక కిలోమీటరు, మహా యైనచో రెండు. దారిచూపరి చెట్ల పేర్లను ఏకరువు పెట్టడు. అతడు ఉపన్యాసకుడు కాడు. ఇచ్చట కదలుచున్న వస్తువులేవో చూడుడని చెప్పి పావుగంట విడిచిపెట్టును. చూచుటకు మొదలిడిన యైదు నిమిషముల వరకు ఏమియు కదలుచున్నట్లుండదు. పిమ్మట సాలెపోగొకటి గాలికి వణకుట కనబడును, చీమలబారు కనబడును, తమ నీడ జరిగిన సంగతి కనబడును. మరియొకచోట కన్నులు మూసికొని, మిక్కిలి దూరమున నున్న చప్పుడును పట్టుకొనుడనును. ఇంకొకచోట ఎవరికి నచ్చిన మాను క్రింద వారు ఇరువది నిమిషములు ఒంటిగా కూర్చుందురు. తుదకు అందరును గుండ్రముగా కూర్చుండి, ఆ వనములో దొరకిన ఆకుతో కాచిన తేనీటిని త్రాగి, తమకు తోచినది చెప్పుకొని లేచిపోవుదురు. ఇంతియే. మన పల్లెలోని పశులకాపరి దీనిని చూచెనేని నవ్వును. తాను దినదినమును కూలి లేకుండ చేయుచున్నదానికి వీరు రుసుము చెల్లించి, పై పెచ్చు ఒకని వెంటబెట్టుకొని రావలసివచ్చినదే యని వాని నవ్వు. ఆ నవ్వు న్యాయమైనదే కాని, గంటకు నూరుసారులు చేతిలోని పలకను తడవుకొనువానికి పశులకాపరి కన్నులు ఒక్కదినమున రావు. వానికి నెమ్మది నేర్పువాడొకడు కావలయును. దారిచూపరి చేయు పని యంతయు అదియే. అతని మూలమున జనులు త్వరపడరు.

అమెరికాలో ఆమోస్ క్లిఫర్డ్ అను నాయన 2012లో ఇట్టి దారిచూపరులను తయారుచేయుటకొక సంఘమును స్థాపించెను. జపానులో ‘అరణ్యచికిత్స’ అను పేరే ఒక సంఘమువారి వ్యాపారచిహ్నముగా నమోదైనది. వారు పరీక్షించి యోగ్యమని యొప్పుకొనిన వనములు అరువదికి పైబడి యున్నవి. చెట్టునీడకును యోగ్యతాపత్రము అవసరమైన కాలమున మనమున్నాము!

ఈ పేరును పెట్టినవారు వైద్యులు కారు, అటవీశాఖవారు. ఇది గమనింపదగినది. జపాను భూమిలో మూడింట రెండువంతులు అడవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము బోడులైన కొండలమీద సుగి, హినోకి యను వృక్షములను వారు కోట్లకొలది నాటిరి. అవి కోతకు ఎదుగులోపల, 1964 నాటికి, విదేశీయపు కలపకు తలుపులు పూర్తిగా తెరువబడినవి. చౌకయగు దిగుమతి కలప ముందు స్వదేశపు మ్రాను నిలువలేకపోయినది. 1970 తరువాత కొలది యేండ్లలోనే ప్రభుత్వారణ్యముల లెక్కలు లోటులో పడి, అప్పు పెరుగజొచ్చినది. నరికినచో గిట్టుబాటు కాని చెట్టుతో ఏమి చేయవలయునను ప్రశ్న ఆ శాఖ యెదుట నిలిచినది. ఇంతలో పట్టణములలో పనిభారముచే క్రుంగినవారు లక్షలకొలది యుండిరి. ఈ రెండు ఇక్కట్లను ఒక త్రాటితో కట్టిన మాట ‘అరణ్యస్నానము’. నాటికి దాని వెనుక వైద్యశాస్త్రపు టాధారమేమియు పెద్దగా లేదు. గిట్టుబాటు కొఱకు పుట్టినదను కారణముచే దానిని తక్కువచేయ నక్కరలేదు. చెట్టును నరుకకయే చెట్టుకు విలువ కట్టవచ్చునని ఒక ప్రభుత్వశాఖ బహిరంగముగా నొప్పుకొనుట చిన్న విషయము కాదు. ఆ యొప్పుదల మన శాఖలవారి నోట రావలసియేయున్నది.

శాస్త్రము తరువాత వచ్చినది. చీబా విశ్వవిద్యాలయపు యోషిఫుమి మియాజాకీ గారును, నిప్పన్ వైద్యకళాశాలకు చెందిన చింగ్ లీ గారును ఇందు ముఖ్యులు. మియాజాకీ గారి బృందము జపానులోని 24 అరణ్యములలో 280 మంది యువకులను పరీక్షించి, ఫలితములను 2010లో ప్రకటించినది. ఒక్కొక్కచోట పండ్రెండుగురు, వారిలో సగము మంది తొలినాడు అడవికిని, తక్కినవారు పట్టణమునకును పోయి, మరునాడు తారుమారైరి. రెండుచోట్లను సుమారు పావుగంట నడక, పావుగంట ఊరక కూర్చుండి చూచుట. అడవిలో నున్నప్పుడు వారి యుమ్మినీటిలో కార్టిసోల్ అను పదార్థము తగ్గినది. మనసు ఒత్తిడికి లోనైనప్పుడు దేహములో పెరుగునదియే యిది. నాడి నెమ్మదించినది, రక్తపుపోటు కొంత దిగినది. ఒకే మనుష్యుని రెండుచోట్లను కొలిచిరి కావున ఈ ఫలితము కొట్టివేయదగినది కాదు.

లీ గారు మరికొంత ముందునకు పోయిరి. 2005లో టోకియోలోని పెద్ద కంపెనీలలో పనిచేయువారిని, ముప్పది యేడు మొదలు ఏబదియైదేండ్ల వయస్సువారిని, పండ్రెండుగురిని ఆయన మూడు దినములు అడవులలో త్రిప్పి, వారి రక్తమును ముందు వెనుక పరీక్షించిరి. మన రక్తములో ‘సహజ సంహారకములు’ అను కణములు కలవు. చెడిన కణములను, విషక్రిములు సోకిన కణములను పట్టి చంపుట వాని పని. పండ్రెండుగురిలో పదునొకండుగురికి ఆ కణముల బలము పెరిగినది. ఆ పెంపు సగటున సగమువంతు. సెలవు దొరకిన సంతోషమే కారణము కాదాయని సందేహము కలుగుట సహజము. ఆ సందేహమును తీర్చుకొనుటకు లీ గారు కొందరిని అడవి లేని పట్టణమునకు విహారమునకు పంపి చూచిరి. అప్పుడు పెంపు కనబడలేదు. అడవికి పోయివచ్చినవారిలోనో, ఆ బలము వారమునకు పైగా నిలిచినది. నెల తరువాతను కొంత మిగిలియున్నది. హినోకి నూనె ఆవిరిని వసతిగృహపు గదిలో రాత్రులు వదలినప్పుడును కొంత పెంపు కనబడుటచే, చెట్లు గాలిలోనికి విడుచు సుగంధద్రవ్యములు ఇందులో ఒక కారణమని ఆయన నిర్ణయము. చెట్లు తమ్ము తాము కాపాడుకొనుటకు విడుచు ఈ ద్రవ్యములకు రష్యాదేశీయుడగు బోరిస్ టోకిన్ 1928 ప్రాంతముననే ‘ఫైటన్‌సైడు’లని పేరిడియుండెను.

ఇంతవరకు బాగు. కాని పండ్రెండుగురి రక్తమును చూచి ప్రపంచమునకు మందు దొరకినదని చాటుట సాహసము. పరీక్షకు వచ్చినవారిలో పెక్కుమంది ఆరోగ్యవంతులగు పురుషులు. తానిప్పుడు అడవిలో నున్నాననుట వారికి తెలియకుండ దాచుటకు వీలులేదు. కణముల బలము పెరిగినదనుట వేరు. రోగము రాలేదనుట వేరు. రాచపుండును అడవిగాలి మాన్పునని ప్రకటనపత్రములు అచ్చువేయువాడు లీ గారి పరిశోధనను చెప్పుటలేదు, తన సరకును అమ్ముకొనుచున్నాడు. మరియొక సంగతి. ఆ సుగంధద్రవ్యములలో పెక్కు హినోకి, సుగి, పైను మున్నగు సూదియాకుల చెట్లవి. మన నల్లమలలోనివి టేకు, నల్లమద్ది, ఏగి, తునికి మొదలగు వెడల్పాకుల మ్రాకులు. ఎండకాలమున ఆకురాల్చి నిలుచునవి. కిసో లోయలో కొలిచిన యంకెలను తెచ్చి నల్లమలకు అంటగట్టుట శాస్త్రము కాదు.

ఇన్ని పట్టింపులు పెట్టినను మిగులు నిజము చిన్నది కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అను నాతడు ప్రకటించిన లెక్క యొకటి కలదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రి యొకదానిలో పిత్తకోశమునకు శస్త్రచికిత్స జరిగినవారిలో, కిటికీ నుండి చెట్లు కనబడు గదిలోని ఇరువదిమువ్వురిని, ఇటుకగోడ కనబడు గదిలోని ఇరువదిమువ్వురితో అతడు పోల్చి చూచెను. మొదటివారు సగటున 7.96 దినములలోను, రెండవవారు 8.70 దినములలోను ఇంటికి పోయిరి. చెట్లు చూచినవారికి తీవ్రమైన నొప్పిమందులును తక్కువగా అవసరమైనవి. వ్యత్యాసము ఒక్కదినమైనను కాదు. కాని ఏ ఖర్చును లేక, మంచము మీది నుండి చూచినంతమాత్రమున వచ్చిన లాభమది. ఇంగ్లండులో సుమారు 20,000 మందిని విచారించి 2019లో ప్రకటించిన మరియొక లెక్కలో, వారమునకు రెండుగంటలైన చెట్లచేమల నడుమ గడపువారు తమ యారోగ్యము బాగున్నదని ఎక్కువగా చెప్పిరి. ఆ రెండుగంటలు ఒకేసారియైనను, ముక్కలు ముక్కలైనను భేదము కనబడలేదు. చెట్టు మనుష్యుని నెమ్మదింపజేయుననుట ఇక కవిసమయము కాదు.

సరే, ఇక అడవి మాట. అరణ్యస్నానమునకు జన్మస్థానమని జపానువారు చెప్పుకొను చోటు నగానో మండలములోని కిసో లోయయందలి అకాసావా. 1982లో ఈ నడకల తొలి జాతీయసమావేశము అచ్చటనే జరిగినది. అచ్చటి హినోకి మ్రాకులు మున్నూరేండ్లకు పైబడినవి. నిడుపై, ఎఱ్ఱనైన పట్టతో వరుసలు తీరి యుండును. నడుమ వాగు. ఒకనాడు కలపను దించుటకు వేసిన చిన్నరైలుదారి 1975 వరకు ఆ పనికే యుపయోగపడి, తరువాత మూతపడి, 1987 నుండి చూడవచ్చినవారిని ఎక్కించుకొని తిరుగుచున్నది. దేశమునందలి మిక్కిలి యందమైన మూడు వనములలో దానిని ఒకటిగా నెంచుదురు. మున్నూరేండ్ల చెట్లు అన్నియు ఇంచుమించు ఒకే యీడున నుండుటకు కారణమేమని యడిగినచో, కథ యచ్చట నారంభమగును.

పదునేడవ శతాబ్దపు తొలినాళ్లలో జపాను ప్రభువులు కోటలు కట్టిరి, పట్టణములు కట్టిరి. వాని కొఱకు కిసో కొండలు నున్నగా నరుకబడినవి. కొండలు బోడులైన పిమ్మట భయము పుట్టినది. ఆ లోయకు ప్రభువులగు ఓవారి సంస్థానమువారు 1665 మొదలు కొండలను మూసివేయ నారంభించిరి. హినోకితో కలిపి ఐదుజాతుల మ్రాకులను రైతులు ముట్టరాదని శాసించిరి. ‘చెట్టొకటి, తల యొకటి’ అని ఆ లోయలో నేటికిని చెప్పుకొనుమాట. దొంగతనముగా ఒక మ్రాను నరికినవాడు తన తలతో చెల్లింపవలయునని దాని భావము. ఈ నిర్దయ వలననే మొలకలు పెరిగి మహావృక్షములైనవి. నేడు టోకియో గుమస్తా అకాసావాలో కన్నులు మూసికొని పీల్చుకొను చల్లదనమునకు నాటి కిసో రైతు మెడమీది కత్తి కారణము. వాని యింటిముందరి చెట్టు వానిది కాదు. వాని కొట్టమునకు కావలసిన దూలము వానికి లేదు.

1868లో రాజ్యము మారినప్పుడు, చక్రవర్తిపాలన వచ్చినది గావున కొండలు తమకు తిరిగి దొరకునని లోయ ప్రజలు ఆశించిరి. దొరకలేదు. అంతకుముందు మూతపడని కొండలు సైతము ప్రభుత్వభూములుగా వ్రాయబడినవి. 1889లో అవి చక్రవర్తి సొంత యడవులైనవి. మగోమే గ్రామపెద్ద షిమజాకి మసాకి అడవిపై గ్రామస్థుల హక్కు కొఱకు విన్నపములు నడిపి, 1873లో పదవిని గోల్పోయెను. తుదకు మతిచలించి, నిర్బంధములో నుంచబడి, 1886లో చనిపోయెను. ఆయన కుమారుడు షిమజాకి తోసోన్, జపాను నవలాకారులలో అగ్రగణ్యుడు, ‘సూర్యోదయమునకు ముందు’ అను నర్థము గల తన పెద్దనవలలో ఆ తండ్రి కథనే ప్రధానముగా చేసికొనెను; 1929 మొదలు 1935 వరకు అది పత్రికలో విడతలుగా వెలువడినది. యుద్ధానంతరము, 1947లో, చక్రవర్తి యడవులు జాతి యడవులైనవి. అరణ్యస్నానపు కరపత్రములలో ఈ కథకు చోటుండదు. ఉండవలసినది.

అన్నియు పోగా అడవి మిగిలినదనుటయు నిజమే. ఈసే దేవాలయమును ఇరువదియేండ్ల కొకసారి క్రొత్తగా కట్టుట జపానువారి యాచారము. 2033లో జరుగనున్న పునర్నిర్మాణమునకు తొలి మ్రాకులను 2025 జూన్ మాసములో అగెమాత్సు గ్రామపు కొండలలోనే, గొడ్డళ్లతో, పూర్వపద్ధతిని నరికిరి. అకాసావా ఆ గ్రామములోనిదే. మున్నూరేండ్లు నిలిచిన చెట్టును పూజచేసి నరుకుదురు. ప్రక్కనున్నదానిని ఆనుకొని కూర్చుండి స్వస్థత పొందుదురు. జపానువారి కిందు వైరుధ్యము తోచదు. మనకును తోచనక్కరలేదు. ఎవరి తీర్పుచే ఏ చెట్టు నిలుచుననునదే ప్రశ్న.

తెలుగునాట ఆ తీర్పు 1882లో వ్రాయబడినది. కిసో కొండలు చక్రవర్తికి దఖలు కాబోవుచున్న ఆ కాలముననే చెన్నపురి ప్రభుత్వమువారు తమ అరణ్యశాసనమును చేసి, మన్యపు కొండలకు హద్దురాళ్లు పాతిరి. పోడు నేరమైనది; మేపు రుసుమైనది; కట్టెపుల్ల దొంగసొత్తైనది. పలనాటి పల్లెలవారు పుల్లరి కట్టబోమని తిరుగబడినప్పుడు, 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ యేడే గూడెము, చింతపల్లి కొండలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యమువారు లేచిరి. రెండేండ్లకు, 1924 మే నెలలో, ఆయనను కాల్చిచంపిరి. నిజామురాజ్యమున ఆదిలాబాదు అడవులలో కొమరం భీము 1940లో జోడేఘాటు వద్ద నేలకొరిగెను. వీరందరి పోరాటములలోను అడవిలో నుండు హక్కే ముఖ్యముగా నున్నది. స్వరాజ్యము వచ్చిన ఏబదితొమ్మిదేండ్లకు, 2006లో, పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసి, అడవివాసులకు చరిత్రలో అన్యాయము జరిగినదని ఆ చట్టపు పీఠికలోనే యొప్పుకొన్నది. సమష్టి వనములను కాపాడుకొను హక్కును, నిర్వహించుకొను హక్కును గ్రామసభలకు ఇచ్చినది.

ఈ వెలుగులో మన యరణ్యస్నానమును ఆలోచింపవలయును. నల్లమలలో పెద్దపులుల రక్షితవనము కలదు. అందే చెంచుల పెంటలును కలవు. పులికొఱకు చెంచువానిని వెలుపలికి రమ్మని శాఖవారు ఎన్నియో తడవలు చెప్పియున్నారు. ఆ చెంచువాడు ఖాళీచేసిన చోట పట్టణమునుండి వచ్చినవారు కన్నులు మూసికొని నిశ్శబ్దమును సేవించుట యెట్టి చికిత్సయో మాకు బోధపడదు. దారిచూపరి కావలయునన్నచో చెంచువానికంటె తగినవాడెవ్వడు? తేనెపట్టును వాసనచేతను, ఈగ పోకడచేతను కనిపెట్టువాడు, గడ్డలు ఏ నేలలో నూరునో పాదముతో నెరిగినవాడు, ఎవరి సంఘమునందును చేరి యోగ్యతాపత్రము పుచ్చుకొననక్కరలేదు. చెంచు యువకులు కొందరు ఇప్పటికే శాఖవారి కొలువులో కావలివారుగా తిరుగుచున్నారు. ఇంటివాని హోదాతో వారే ముందు నడచుట న్యాయము.

పట్టణవాసులకు నల్లమల దూరము. వారికి కావలసినది వారమునకు రెండుగంటలు పోయిరాదగిన వనము. కార్తీకమాసమున ఉసిరిచెట్టు నీడను వంటచేసికొని తినుట మన యింటింటి యాచారము. నేడది యనేకచోట్ల పెండ్లిమండపములలో కుండీలోని ఉసిరికొమ్మ ముందర జరుగుచున్నది. మన పెద్దలకు ఫైటన్‌సైడుల సంగతి తెలియునని బుకాయించుట తగదు. వారికి తెలిసినది భోజనమునకు నీడ కావలయునని, ఏడాదికొకసారియైన ఊరు విడువవలయునని మాత్రమే. అదియైనను మనము నిలుపుకొనలేకపోయితిమి. హైదరాబాదు నడిబొడ్డున బంజారాకొండలచెంత 1998లో జాతీయవనముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము కలదు. వేకువను అచ్చట వేలాదిమంది నడుతురు. కాని వారి నడక, చేతిగడియారము లెక్కపెట్టు అడుగుల కొఱకు. వారికి నెమిలి అడ్డమువచ్చినచో పదియడుగులు నష్టము. విశాఖపట్టణమునకు ఆనుకొని కంబాలకొండ యభయారణ్యము కలదు. సముద్రపుగాలియు, కొండనీడయు ఒకేచోట దొరకు అట్టి భాగ్యము దేశములో ఎన్ని నగరములకున్నది?

ఉన్నవానిని కాపాడుకొనుట మాట కేమి? 2025 మార్చి చివరను హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలో నన్నూరెకరముల నేలను పరిశ్రమలకై అమ్మదలచి, సెలవుదినములలో యంత్రములను దింపి, చెట్లను పెకలింపించిరి. విద్యార్థులు అడ్డుపడిరి, దెబ్బలు తినిరి. ఏప్రిల్ 3వ తేదీని సుప్రీంకోర్టువారు తామై కలుగజేసికొని ఆ పనిని ఆపించిరి. కాగితములలో అది యడవియా కాదాయని వాదములు నడచినవి. జింకలును, నెమిళ్లును వాదము తీరువరకు వేచియుండలేదు, రోడ్లమీదికి వచ్చినవి. ఇటువంటి పొదలతోపులు, రాతిగుట్టలు, చెరువుగట్లు ప్రతిపట్టణమునకును ప్రక్కన నున్నవి. పట్టాపుస్తకములో ‘బంజరు’ అని వ్రాయబడినవే వానిలో హెచ్చు. నగరవాసికి వారమునకు రెండుగంటల వనము దొరకవలసినచోటు ఆ బంజరే. రాణీఖేతువరకు పోవు స్తోమతు ఎందరికున్నది?

ఈ నడకలను తెలుగునాట పెట్టదలచినవారు కాలమునుగూడ ఎరుగవలయును. ఫాల్గుణము మొదలు మన యడవులు మోడువారును, నిప్పు భయము. ఆ దినములలో అడవిస్నానమనగా వడదెబ్బయే. వానలు వెనుకబట్టిన ఆశ్వయుజమునుండి పుష్యము వరకు మంచికాలము. అప్పుడు ఆకు నిండుగా నుండును, వాగులో నీరుండును, తెల్లవారుజామున మంచు దిగును. ఎనిమిది గంటలు దాటకమునుపే తిరిగి రావలయును. గుంపు చిన్నదిగా నుండవలయును. గట్టిగా పాటలు పెట్టు పెట్టెలను ద్వారముకడనే యుంచవలయును. రుసుము పెట్టినచో, గ్రామసభకు హక్కు గుర్తింపబడిన వనములలో ఆ సొమ్ము గ్రామసభదే కావలయును. హక్కు గుర్తింపబడనిచోట్ల గుర్తింపు ముందు, టిక్కెట్టు తరువాత. పట్టణపు వనములలో వారమున కొకనాడైన ప్రవేశరుసుము లేకుండవలయును. కూలిజనులు నివసించు పేటలనుండి ఆ దినమున పిల్లలను తీసికొనివచ్చు పని పురపాలకసంఘములది.